ఎర్రముల్లు

మార్చి 9, సోమవారం

ఈ నోటుపుస్తకం మా ఆవిడ కోసం కొన్నది. డయాలసిస్‌కి ఎంత బరువుతో వెళ్ళింది, ఎంత బరువుతో తిరిగొచ్చింది, బీపీ ఎంత, అన్నీ రాసుకుంటానంది. ఆరు పేజీలు రాసి విసుగొచ్చి వదిలేసింది. "నా బరువు చదివి ఎవరు బాగుపడాలి" అంది. మిగతా కాగితాలు ఊరికే పోతున్నాయని నేను తెచ్చుకున్నాను. ఆసుపత్రిలో ట్రాన్స్‌ఫార్మర్ గదిలో, ఫ్యూజుల పెట్టె అడుగున పెడతాను. నేనిక్కడ ఎలక్ట్రీషియన్‌గా ఉన్న ఈ ఇరవై రెండేళ్ళలో ఆ పెట్టె నేను తప్ప ఎవరూ తెరవలేదు.

ఇవాళ మేనేజరు పిలిచాడు. మర్యాదగా పిలిచినప్పుడే అనుమానం వచ్చింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు, అదీ ఆయన పద్ధతి. బల్ల మీద కాగితం పెట్టాడు. కొత్త స్కానింగ్ మెషిను వస్తోంది, దానికి అరవై. ఇప్పుడున్న లోడు రెండువందల నలభై. మొత్తం మూడువందలు. మన ట్రాన్స్‌ఫార్మరు మూడువందల పదిహేను. "ఇంకా పదిహేను మిగులుతోంది. కింద సంతకం పెట్టు" అన్నాడు.

"సార్, ఆ మూడువందలు కిలోవాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసింది కేవీయే. రెండూ ఒకటి కాదు."

"రెండూ కరెంటే కదయ్యా."

దుప్పటీ చొక్కా రెండూ గుడ్డే మరి. పైకి అనలేదు. మన మోటార్లకి మూడువందల్ని సున్నా పాయింట్ ఎనిమిదితో భాగించాలని, అప్పుడు మూడువందల డెబ్బై ఐదవుతుందని, అంటే మోయగలిగిన దానికన్నా అరవై ఎక్కువని చెప్పాను. కెపాసిటర్లు బాగుంటే కొంత తగ్గేదని, సగం కాలిపోయి రెండేళ్ళయిందని, మార్చమని నాలుగు ఉత్తరాలు పెట్టానని కూడా చెప్పాను. తలూపుతూ విన్నాడు. అంతా విని, "మీ ఆవిడకి వారానికి రెండుసార్లే చేస్తున్నారట కదా? డాక్టరు మూడు రాశారని విన్నాను" అన్నాడు.

"మెషిన్లు ఖాళీ లేవు సార్. ఆరే ఉన్నాయి."

"స్కానింగు వస్తే దాంతోపాటు డయాలసిస్ వార్డుకి ఇంకో రెండు పెట్టిస్తాను. ఎనిమిదోది మీ ఆవిడకి. నాది పూచీ."

రేపు చెప్తానన్నాను.

మార్చి 10

పొద్దున అన్నం తింటూ ఆవిడ అడిగింది. "ఆ ట్రాన్స్‌ఫార్మర్ రేకు మీద ఏం రాసుంటుందండీ? రాత్రినుంచి మూడువందల పదిహేను, మూడువందల పదిహేను అని కలవరిస్తున్నారు."

లారీ సంగతి చెప్పాను. లారీ మీద పది టన్నులు అని రాసుంటుంది. అందులో సరుకు ఎక్కిస్తాం. సరుకు మీద ఊరికే ఎక్కి కూర్చునే మనుషులూ ఉంటారు. పనికొచ్చేది సరుకే. కానీ టైరుకి ఆ తేడా తెలీదు, రెండూ బరువే. కిలోవాట్లంటే సరుకు మాత్రం. కేవీయే అంటే సరుకూ మనుషులూ కలిపి.

"మా చిన్నాన్నలాగన్నమాట. పని చెయ్యడు. పళ్ళెం మాత్రం వెయ్యాలి."

"ఆయన లేకపోతే మోటారు తిరగదు. అదీ గొడవ."

"మా పిన్ని కూడా అదే మాట అంటుంది."

చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. ఎక్కువ లోడు వేస్తే ఏమవుతుందని అడిగింది. వెంటనే ఏమీ కాదన్నాను. లోపల రాగి తీగెకి కాగితం చుట్టి నూనెలో ముంచి ఉంచుతారు. లోడెక్కితే నూనె వేడెక్కుతుంది, ఆ వేడికి కాగితం పెళుసెక్కుతుంది. రోజుకింత. పైకి ఏమీ కనిపించదు. ఒకరోజు చిట్లుతుంది.

"కిడ్నీలాగే" అంది, అన్నం కలుపుకుంటూ.

"మేనేజరు సంతకం పెట్టమంటున్నాడు."

"పెడతారా?"

"పెట్టను."

"మంచిది" అంది. వారానికి మూడో రోజు డయాలసిస్ ఇప్పిస్తానన్న సంగతి ఆవిడకి చెప్పలేదు.

మార్చి 16, సోమవారం

గురువారం తర్వాత మళ్ళీ సోమవారమే డయాలసిస్. మధ్యలో ఉన్న మూడు రోజులూ ఒంట్లో చేరిన నీరు ఎటూ పోదు. తెల్లారేసరికి ఊపిరందక మంచం మీద కూర్చుండిపోయింది. కళ్ళు కనిపించనంతగా మొహం ఉబ్బింది. కుర్చీలో కూర్చోబెట్టి నేనూ పక్కింటాయనా మోసుకుని మెట్లు దించాం. దారంతా నా చెయ్యి పట్టుకుని "గురువారం దాకా అయితే ఉంటానుగానీ సోమవారం దాకా ఉండలేనండీ" అంది. జోకులాగే అనబోయింది.

ఆవిణ్ణి మెషిను మీద పడుకోబెట్టి, మేనేజరు గదికి వెళ్ళి సంతకం పెట్టాను.

మార్చి 17

అన్నీ ఒకేసారి నడవవు. లిఫ్టు, ఏసీలు, లాండ్రీ, స్కానింగు, నీళ్ళ మోటార్లు, అన్నీ ఒకే నిమిషంలో ఎవరూ వెయ్యరు. ఆ నమ్మకం మీదే ప్రపంచంలో ప్రతి ట్రాన్స్‌ఫార్మరూ నడుస్తోంది. వీధిలో ప్రతి ఇంటి లోడూ కూడుకుంటూ పోతే ఏ ట్రాన్స్‌ఫార్మరూ చాలదు. ఇది నేను చెప్పే సాకు కాదు, పుస్తకంలో ఉన్నదే.

పైగా రెండు మెషిన్లు పెరుగుతాయి. అవి మా ఒక్కరికే కాదు.

ఏప్రిల్ 1, బుధవారం

ఎనిమిదో మెషిను మీద మొదటి రోజు. ఇకనుంచి సోమ, బుధ, శుక్ర.

ఏడో మెషిను మీద టైలరు. యాభై దాటిన మనిషి. ఆయన కూడా ఇన్నాళ్ళూ రెండు రోజుల వాడే. మెషిను మీద పడుకుని కూడా ఒక చేత్తో గుండీలు కుట్టగలడు. వచ్చిన గంటలో మా ఆవిణ్ణి చెల్లెమ్మని చేసేసుకున్నాడు. కాబట్టి నేను బావనయ్యాను.

"ఏం బావా, మీ కరెంటు పెట్టెకి కొలతలు సరిగ్గా తీశావా? నడుము ముప్పై ఆరు ఉన్నవాడికి ముప్పై రెండు ప్యాంటు కుడితే నిలబడినంతసేపూ బాగానే ఉంటుంది. కూర్చున్నప్పుడు తెలుస్తుంది" అన్నాడు.

ఊరికే అన్న మాట. మా ఆవిడ మాత్రం నావైపు చూసింది. ఆవిడకి సంతకం సంగతి తెలుసు. కొత్త మెషిన్లు దిగిన రోజే అర్థం చేసుకుంది. ఏమీ అడగలేదు.

ఏప్రిల్ 10

ఆవిడ ఇవాళ మెట్లన్నీ ఆగకుండా ఎక్కింది. ఎక్కి పైనుంచి నన్ను చూసి, "ముసలాయనా, రండి" అంది.

ఏప్రిల్ 13

ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేడి మధ్యాహ్నం 79 డిగ్రీలు.

ఏప్రిల్ 17

84. ఆఫీసు పుస్తకంలో 76 అని రాశాను. అక్కడ 84 అని రాస్తే సంతకం పెట్టినవాణ్ణి పిలిచి అడుగుతారు. నిజం రీడింగు ఇక్కడ రాస్తాను. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

ఏప్రిల్ 20, సోమవారం

87. 85 దాటితే గంట మోగుతుంది, మోగింది. వరండాలో రోగులు కంగారుపడ్డారు. గంట తీగె విప్పేశాను. వేడి ఎంతుందో నాకు తెలుసు, నాకు గంట అక్కర్లేదు.

రెండు పెద్ద ఫ్యాన్లు తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్ రేకులకి ఎదురుగా పెట్టాను. గోనెసంచులు తడిపి చుట్టూ వేలాడదీశాను. పిల్లాడికి జ్వరమొస్తే చేసే సేవలన్నీ చేస్తున్నాను. లాండ్రీ ఆవిడ చూసి, "కన్నబిడ్డకి కూడా ఇంత చెయ్యరు" అంది.

అన్నీ ఒకేసారి నడవవు.

ఏప్రిల్ 27, సోమవారం

మధ్యాహ్నం రెండూ పది. 95 కొట్టింది, దానంతటదే ఆగిపోయింది. మీటరు మీద ఎర్రముల్లు ఒకటుంటుంది. నూనె వేడి ఆ ముల్లుని తాకిందంటే ట్రాన్స్‌ఫార్మరు తనని తాను ఆపేసుకుంటుంది. అది పెట్టిందే అందుకు.

డయాలసిస్ వార్డుకి పరుగెత్తాను. జనరేటరు ఆపరేషన్ గదికి, అత్యవసర వార్డుకి మాత్రమే. మెషిన్ల లోపలి బ్యాటరీ ఇరవై నిమిషాలు. పెద్ద నర్సూ ఇంకో ఇద్దరూ ఒక్కో మెషిను పక్కనా నిలబడి పిడి తిప్పుతూ చేత్తో రక్తం వెనక్కి ఎక్కించారు. మా ఆవిడకి వణుకు పట్టుకుంది. దుప్పట్లు నాలుగు కప్పాం. పళ్ళు టకటకలాడుతుంటే ఆ చప్పుడు నాకు వినిపించింది. టైలరు, "చెల్లెమ్మా, నా కుట్టుమెషిను కూడా ఇట్లాగే ఆగిపోతుంది, కాసేపు తిట్టు, తిరుగుతుంది" అంటూ ఉన్నాడు. ఆయన పెదాలు కూడా నీలంగా ఉన్నాయి.

యాభై నిమిషాలకి నూనె చల్లారింది. మళ్ళీ వేశాను. ఎవరికీ ఏమీ కాలేదు.

స్కానింగు మధ్యలో ఆగిందని మేనేజరు అందరి ముందూ అరిచాడు. "నువ్వు సంతకం పెట్టావయ్యా! పదిహేను మిగులుతుందని నువ్వే పెట్టావు!"

ఏప్రిల్ 28

స్కానింగు మధ్యాహ్నం ఆపుదామని మేనేజరుతో అన్నాను. వినలేదు. పైవార్డు ఏసీలు ఆపుదామన్నాను. వినలేదు.

ఎర్రముల్లుని 95 నుంచి 110కి జరిపాను. అద్దం తీసి, చిన్న స్క్రూడ్రైవరుతో. రెండు నిమిషాల పని.

ఎండలు నెలరోజులే. మళ్ళీ వెనక్కి జరుపుతాను.

ఏప్రిల్ 29

93.

మే 1

97. నడుస్తోంది. ఆవిడ నాలుగు గంటలూ పూర్తిగా చేయించుకుని, వచ్చేటప్పుడు దారిలో పళ్ళరసం అడిగింది. తాగకూడదు. ఒక్క గుక్క తాగనిచ్చాను.

మే 4

99.

మే 6

101. మీటరు కాస్త ఎక్కువ చూపిస్తోందనుకుంటా. పాతది.

మే 8, శుక్రవారం

అన్నీ ఒకేసారి నడిచాయి.

పొద్దునంతా ఊళ్ళో కరెంటు లేదు. ఒంటిగంటకి వచ్చింది. అప్పటిదాకా ఆపి ఉంచినవన్నీ, ఏసీలూ లాండ్రీ నీళ్ళ మోటార్లూ స్కానింగూ, ఎవరికి వాళ్ళు ఒకేసారి వేసుకున్నారు. డయాలసిస్ కూడా ఆలస్యంగా అప్పుడే మొదలైంది. నేను సంచులు తడుపుతున్నాను. రెండూ నలభైకి 106. లోపల కంకర దొర్లినట్టు చప్పుడు. బకెట్టు అక్కడే వదిలేసి స్విచ్చు దగ్గరికి వెళ్ళేలోపు పెద్ద మోత మోగింది. నూనె గోడ మీదికి చిమ్మింది. నా చేతి మీద పడిన చోట తోలు లేచింది. అది లెక్కలోది కాదు.

మళ్ళీ చేతి పిడులు. ఎనిమిది మందికీ రక్తం వెనక్కెక్కింది. పిడి నేను కూడా తిప్పాను, టైలరుది. "మెల్లగా బావా, అది బావి గిలక కాదు" అన్నాడు.

ఈసారి చల్లారాక వెయ్యడానికి ఏమీ లేదు. తీగెచుట్టలు కాలిపోయాయి.

మే 9

కొత్త ట్రాన్స్‌ఫార్మరు రావడానికి పది రోజులంటున్నారు.

డాక్టరమ్మ వచ్చి అడిగింది. జనరేటరు మీద నాలుగు డయాలసిస్ మెషిన్లయినా నడపలేమా అని. వాటికి నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు కూడా కావాలి. అన్నీ కలిపి పద్దెనిమిది. జనరేటరు మీద నూట ఇరవై ఐదు అని రాసుంది, ఇప్పటికే నూట పద్దెనిమిది లాగుతోంది.

"కుదరదమ్మా. రేటింగు దాటుతుంది" అన్నాను.

"ఒక్క గంటా రెండు గంటలూ అయినా?"

"అది కూడా ఆగిపోతే ఆపరేషన్ గదికి కరెంటుండదు."

నిజమే చెప్పాను. ఆపరేషన్లు లేని గంటలు చూసి, అక్కడి ఏసీలు ఆపి, రోజుకి నలుగురికి చెయ్యొచ్చేమో. నాకా ధైర్యం రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇవాళ్టినుంచి నాకు రేకు మీద రాసిన అంకె వేదం.

మే 11, సోమవారం

పక్క ఊరి ఆసుపత్రిలో మూడు చోట్లు దొరికాయి. మనవాళ్ళు ఇరవై ఎనిమిది మంది. మూడింట్లో ఒకటి ఆసుపత్రి సిబ్బంది ఇళ్ళవాళ్ళకని మేనేజరు రాయించాడట. అందులోకి మా ఆవిణ్ణి తీసుకెళ్ళాను. బస్సులో రెండు గంటలు.

"అన్నయ్యకి?" అని అడిగింది.

చూస్తున్నారన్నాను.

మే 13

టైలరు ఇంటికి వెళ్ళొచ్చాను. గోడకి ఆనించి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. నన్ను చూసి, "బావా, ప్యాంటు చిరిగిందా?" అన్నాడు. ఎక్కడెక్కడికో ఫోన్లు చేశాం. ఎక్కడా ఖాళీ లేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి జనరేటరు సంగతి మళ్ళీ ఆలోచిద్దామని చెప్పాలనుకున్నాను. ఆవిడ ఆపరేషన్‌లో ఉంది. రేపు చెప్దామనుకున్నాను.

మే 15, శుక్రవారం

టైలరు పోయాడు. పొద్దున ఎనిమిదింటికి.

మే 19

కొత్తది పెట్టారు. ఐదువందలు. ఏ లోడు వేసినా నూనె వేడి అరవై దాటడం లేదు. గదంతా చల్లగా ఉంది. మీటరు కూడా కొత్తది.

మే 21

విచారణకి ఒక ఇంజనీరు వచ్చాడు. కాలిన మీటరు అద్దం నల్లగా మాడిపోయింది, ముళ్ళు కనిపించలేదు. తుడవలేదు కూడా. కాగితం చూశాడు. లోడు మూడువందలు, రేటింగు మూడువందల పదిహేను. కిలోవాట్లా కేవీయేనా అని అడుగుతాడనుకున్నాను. అడిగితే అంతా చెప్పేద్దామనుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన "వేడి" అన్నప్పుడల్లా నేను చేతి కట్టు సర్దుకుంటున్నాను. అడగలేదు. "అసాధారణమైన ఎండల వల్ల" అని రాసుకున్నాడు.

ప్రాణాలకి తెగించి స్విచ్చు దగ్గరికి వెళ్ళానని మేనేజరు నా గురించి రెండు ముక్కలు చెప్పాడు. ఇంజనీరు నా భుజం తట్టాడు.

మే 22, శుక్రవారం

మన వార్డులోనే డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చింది. ఏడో మెషిను మీద ఎవరో కొత్తాయన.

చెప్పులు విప్పుతూ అడిగింది. "ఏప్రిల్లో అది దానంతటదే ఆగింది కదా. గంటకి మళ్ళీ వచ్చింది. మొన్న ఎందుకు ముందే ఆగలేదు?"

ఇంజనీరు అడగని ప్రశ్న. ఆరో తరగతి చదువుకున్న మనిషి అడిగింది.

చెప్పాను. ముల్లు జరిపిన సంగతి, అద్దం తీసిన సంగతి, 95, 110. జరపకపోతే ఆ శుక్రవారం 95 దగ్గరే ఆగేది, చల్లారేది, సాయంత్రానికి అందరికీ డయాలసిస్ అయ్యేది. అంతా చెప్పి, "నీకు మధ్యలో ఆగకూడదనే. నీ కోసమే" అన్నాను.

విప్పిన చెప్పులు గోడవారగా పెట్టింది. తర్వాత అంది.

"ఏప్రిల్లో ఆగితే నాకేమైంది? వణుకొచ్చింది. వణుకు నేను పడతాను కదా. పడ్డాను కదా."

"చూడలేకపోయాను."

"అయితే మీరు చూడలేక చేశారు. నా కోసం అని ఇంకోసారి అనకండి. నేనడగలేదు. అన్నయ్య చావులో నన్ను కలపకండి."

మే 25, సోమవారం

వెళ్ళనంది. మొదట ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను, మాటవరసకి కాదు, నిజంగానే.

"వదినకి వెళ్ళి చెప్పండి. ఆయన ఎండల వల్ల పోలేదని చెప్పండి. చెప్పిన రోజు వస్తాను."

"చెప్తే ఉద్యోగం పోతుంది. జైలుకి కూడా పంపొచ్చు."

"నేను పోలీసులకి చెప్పమనలేదు. వదినకి చెప్పమన్నాను. ఆవిడ ఏం చేసుకుంటుందో ఆవిడిష్టం."

మే 26

టైలరు ఇంటికి వెళ్ళాను. చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు.

మే 27, బుధవారం

మా ఆవిడ లేచి జడ వేసుకుంది. "ఏమంది?" అని రెండుసార్లు అడిగింది. ఏమీ అనలేదని రెండుసార్లు చెప్పాను. "తిట్టనైనా తిట్టలేదా పాపం" అని కళ్ళు తుడుచుకుంది. ఆటోలో నా చేతి మీద చెయ్యి వేసింది, కాలిన చోటు తగలకుండా.

నాలుగు గంటలూ పూర్తయ్యాయి. బరువు మూడు కిలోలు తగ్గింది.

మే 28

మొన్న నేను రాసింది అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను.

చెప్పలేదు. వెళ్ళిన మాట నిజం. దారంతా మాటలు పేర్చుకున్నాను. "చెల్లెమ్మా, నేనొక తప్పు చేశాను" అని మొదలుపెట్టాలని. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ కుర్చీ తుడిచి వేసింది. పోయినాయన కత్తిరించి పెట్టిన గుడ్డలు ఇంకా దొంతరగా ఉన్నాయి. వాటిని తను కుట్టి ఇచ్చేద్దామంటే మెషినుకి కరెంటు అందడం లేదంది. ప్లగ్గులో తీగె ఊడింది. బాగుచేశాను. మెషిను తిరిగింది. ఆ చప్పుడు వినగానే ఆవిడ ఏడ్చింది.

"అన్నయ్యగారూ, మీరా ఎండలో సంచులు తడిపి, ఫ్యాన్లు పెట్టి ఎంత కష్టపడేవారో ఆయన రోజూ చెప్పేవారు. మా బావ ఉన్నాడు కాబట్టి మా పని నడుస్తోంది అనేవారు" అంది.

అప్పుడైనా చెప్పాలి. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. మంచినీళ్ళిచ్చింది. తాగి వచ్చాను.

మే 29

డయాలసిస్ అయింది. ఆవిడ బాగుంది. బాగుండడమే కదా కావాల్సింది.

జూన్ 1

అయింది.

జూన్ 3, బుధవారం

మధ్యాహ్నం వార్డు తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కొచ్చేశాను. ఎనిమిదో మెషిను పక్కన స్టూలు మీద టైలరు భార్య కూర్చుని ఉంది. మరణ ధ్రువపత్రం కోసం వచ్చి, మా ఆవిణ్ణి చూసిపోదామని ఆగిందట. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ గదిలో కూర్చున్నాను. ఐదువందలది చల్లగా, చప్పుడు లేకుండా నడుస్తోంది. దానికి నాతో పనేమీ లేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ కత్తిపీట ముందు కూర్చుంది. కూర తరుగుతూ అంది. "మీలాంటి మనిషి ఈ రోజుల్లో ఉండడంది వదిన. వచ్చి గంటసేపు కూర్చుని, ప్లగ్గు బాగుచేసి, మంచినీళ్ళు తాగి వెళ్ళారంది. ఇంకేమైనా చెప్పారా అని అడిగాను. పాపం ఆయనకి మాటలు రాలేదు, కళ్ళనిండా నీళ్ళే అంది."

కత్తిపీట పక్కన పెట్టింది. నేను నిలబడే ఉన్నాను.

"రేపు వెళ్ళి చెప్తాను. ఈసారి నిజంగా. నువ్వు కూడా రా, నీ ముందే చెప్తాను."

"వద్దు."

"నువ్వేగా చెప్పమన్నావు!"

"అప్పుడు చెప్పాల్సింది. ఆయన పోయాక ఆవిడకి మిగిలింది మీరొక్కరైనా మంచివారని ఒక నమ్మకం. ఇప్పుడు వెళ్ళి అది కూడా లాక్కోకండి."

జూన్ 4

పుస్తకం ఇంటికి తెచ్చాను. ఇక దాచడానికేమీ లేదు. బల్ల మీదే ఉంచాను. ఆవిడ చూసింది, తెరవలేదు.

టైలరు జేబు కుట్టిపెట్టిన నా చొక్కా ఉతికి ఆరేసింది. నాతో అవసరమైనవన్నీ మాట్లాడుతోంది. ఉప్పు అయిపోయిందని చెప్పింది. కోపంగా లేదు. తిడితే బాగుండునని సాయంత్రం దాకా చూశాను.

జూన్ 5, శుక్రవారం

తొమ్మిదింటికి మొదలవ్వాలి. ఎనిమిదికి లేపాను. మెలకువగానే ఉంది. రానంది.

"చెప్పమన్నావు, వద్దన్నావు. ఇప్పుడు ఏం చెయ్యమంటావు? ఏం చేస్తే వస్తావు?"

"ఏమీ చెయ్యొద్దు. మీరు ఇంక నా కోసం ఏమీ చెయ్యకండి" అంది. గొంతు మామూలుగానే ఉంది. పాలవాడితో మాట్లాడినట్టు.

తొమ్మిదింబావుకి పెద్ద నర్సు ఫోను. "అన్నయ్యా, బయల్దేరారా? మెషిను సిద్ధం చేసి ఉంచాను." బయల్దేరుతున్నామన్నాను. తొమ్మిదిన్నరకి మళ్ళీ ఫోను. దగ్గర్లో ఉన్నామన్నాను. ఆవిడ పడుకుని వింటోంది. కాళ్ళు అప్పుడే ఉబ్బడం మొదలైంది. మడమ మీద వేలితో నొక్కి చూశాను. గుంట పడింది, పూడలేదు. కాలు వెనక్కి తీసుకోలేదు. నొక్కనిచ్చింది.

పదింటికి మూడో ఫోను. బయట పదకొండు మంది ఎదురుచూస్తున్నారట. ఇంకో పది నిమిషాలు చూసి మెషిను వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంది. "ఎక్కడున్నారు అన్నయ్యా, నిజం చెప్పండి."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

వీధి మలుపులో ఉన్నాం, వచ్చేస్తున్నాం అన్నాను.